నేపాల్లో పేదరికాన్ని తగ్గించిందెవరు?

రాత్రి పదకొండు దాటాక మన హాస్టలు గేటు దగ్గర కర్ర చప్పుడు వినని వాళ్ళు మనలో ఎవరూ వుండరు. సెకండ్ షో చూసొచ్చి గోడ దూకబోతూ ఆ టార్చిలైటు వెలుగులో పట్టుబడని వాళ్ళు కూడా తక్కువే. మనం అతన్ని "బహదూర్" అంటాం. మన సీనియర్లూ అలాగే అన్నారు. అతనికి ముందు ఆ గేటు దగ్గర కూర్చున్న మనిషిని కూడా "బహదూర్" అనే పిలిచేవారట! అంటే ఆ పేరు మనిషిది కాదు, కుర్చీది అన్నమాట.

ఈ వ్యాసం బహదూర్ గురించి కాదు. అతని దేశం గురించి. కాని అతను లేకపోతే ఈ వ్యాసం లేదు కాబట్టి అక్కణ్ణించే మొదలుపెట్టాను.

నేను ఎం.ఏ. ఎకనామిక్సు రెండో సంవత్సరం విద్యార్థిని. పోయిన సంవత్సరం మాకు అసమానతల్ని కొలిచే పద్ధతుల మీద పాఠం జరిగింది. గినీ సూచిక అని ఒకటుంది. అందరికీ సమానంగా వుంటే అది సున్న. వున్నదంతా ఒక్కడి దగ్గరే వుంటే ఒకటి. మిగతా లోకమంతా ఆ రెంటికీ మధ్యన ఎక్కడో ఒకచోట వేళ్ళాడుతూ వుంటుంది. లెక్చరరు గారు దేశాల పట్టిక ఇచ్చి, తలా ఒక దేశం మీద సెమినార్ పేపరు రాసుకు రమ్మన్నారు. నేను నేపాల్ తీసుకున్నాను. నిజం చెప్పొద్దూ, పక్క దేశమే గదా, రెండు రోజుల్లో తేలిపోతుందని తీసుకున్నాను. తేలలేదు.

ఎక్కడ చిక్కు పడిందంటే, నేపాల్లో మావోయిస్టుల యుద్ధం 1996 ఫిబ్రవరి 13న మొదలైంది. 2006 నవంబరు 21న శాంతి ఒప్పందం కుదిరింది. ఆ పదేళ్ళలో చనిపోయిన వాళ్ళు పదమూడు వేల పైచిలుకు అని ఐక్యరాజ్య సమితి లెక్క. పదిహేడు వేల దాకా అని ఆ దేశ ప్రభుత్వం తర్వాత వేసిన లెక్క. ఇంకో పదమూడు వందల మందికి పైగా ఏమయ్యారో ఈనాటికీ తెలియదు. సరే. యుద్ధం మొదలయ్యే నాటికి అక్కడి ప్రభుత్వం జరిపిన జీవన ప్రమాణాల సర్వేలో నూటికి 42 మంది దారిద్ర్య రేఖకు కింద వున్నారు. 2003–04లో, అంటే యుద్ధం నడుమ, మళ్ళీ సర్వే చేస్తే ఆ సంఖ్య 31కి దిగింది!

ఇదెలా సాధ్యం? వంతెనలు కూలుతున్నాయి, పోలీసు ఠాణాలు తగలబడుతున్నాయి, పొలాలు బీళ్ళు పడుతున్నాయి, వూళ్ళకు వూళ్ళు ఖాళీ అవుతున్నాయి. పేదరికం మాత్రం తగ్గుతోంది. అచ్చుతప్పేమో అనుకున్నాను. ఇంకో రెండు పుస్తకాలు తిరగేశాను. అచ్చుతప్పు కాదు.

ఆ రాత్రి లైబ్రరీ నుంచి వస్తూ గేటు దగ్గర ఆగి, "బహదూర్, మీ దేశంలో యుద్ధం జరుగుతుంటే బీదవాళ్ళు తగ్గారట, నిజమేనా?" అని అడిగాను. అడిగిన తీరుకు ఇప్పుడు సిగ్గుగానే వుంది. అతను నవ్వి, "అవును సాబ్, తగ్గారు. అందరం ఇక్కడికి వచ్చేశాం గదా!" అన్నాడు.

నా సెమినార్ పేపరంతా ఆ ఒక్క ముక్కలో వుంది.

అతనిది సుదూర్ పశ్చిమ ప్రాంతంలో అఛామ్ జిల్లా. జిల్లా కేంద్రం మంగల్‌సేన్‌కు ఒక పూట నడక అతని వూరు. వాళ్ళ నాన్న కూడా ఇండియాలో రాత్రి కాపలా చేసినవాడే. "మా వూళ్ళో ఇంటికొక మగాడు ఎప్పుడూ ఇండియాలోనే వుంటాడు సాబ్. నాన్న తిరిగొస్తే కొడుకు బయల్దేరతాడు" అన్నాడు. యుద్ధం వచ్చాక రాత్రిళ్ళు దళం వచ్చి అన్నం పెట్టమనేదట. పెట్టకపోతే తప్పు. తెల్లారి సైన్యం వచ్చి, ఎందుకు పెట్టావనేదట. పెడితే తప్పు. తర్వాత ఇంటికొక మనిషిని పంపమన్నారు. 2002 ఫిబ్రవరిలో మంగల్‌సేన్ మీద పెద్ద దాడి జరిగింది. నూరుమందికి పైగా పోలీసులూ సైనికులూ ఒక్క రాత్రిలో చనిపోయారు. ఆ వారంలోనే ఇతను, ఇతని ఈడువాళ్ళు ఇంకో పదకొండు మంది కొండలు దిగి, బన్‌బసా దగ్గర సరిహద్దు దాటి రైలెక్కారు.

ఈ మాటలు వింటుంటే మన తెలుగు పల్లెల్లో పుట్టినవాళ్ళకు కొత్తగా అనిపించవు. రాత్రి అన్నలు, పగలు పోలీసులు, నడుమ నలిగిన రైతు కుటుంబాలు – మన అమ్మా నాన్నల తరం చూసిందే. అందుకే నేపాల్ కథ మనకు పరాయి కథ కాదంటాను.

అసలు యుద్ధం ఎందుకొచ్చింది? ఆకలి ఒక్కటే అయితే లోకంలో సగం దేశాల్లో రోజూ యుద్ధం రావాలి. ఆకలికి అవమానం తోడైనప్పుడు, ఆ రెంటికీ దారి మూసుకుపోయినప్పుడు తుపాకీ బయటికొస్తుంది. 1846 నుంచి 1951 దాకా నూరేళ్ళకు పైగా రాణాలనే ఒక్క కుటుంబం ఆ దేశాన్ని తన సొంత జాగీరులా ఏలింది. మంచి భూములన్నీ 'బిర్తా' పేరుతో పన్నులేని ఇనాములుగా అయినవాళ్ళకు పంచుకున్నారు. 1854లో తెచ్చిన 'ములుకీ ఐన్' అనే చట్టంలో ఏ కులంవాడు ఎవరి చేతి నీళ్ళు తాగవచ్చో, ఒకే నేరానికి ఎవరికెంత శిక్షో రాసిపెట్టారు. కులం మన దేశంలో ఆచారం. అక్కడ అది చట్టం కూడా. ఆ చట్టం 1963 దాకా పోలేదు. బిర్తాల్ని 1959లో రద్దు చేశారు. 1964లో భూసంస్కరణల చట్టం వచ్చింది. కాగితాల మీద బాగానే వుంది. తరాయి మైదానంలో కుటుంబానికి 25 బిఘాలు, అంటే సుమారు 17 హెక్టార్ల దాకా వుంచుకోవచ్చన్నారు. ఇంతలోపు పెద్దవాళ్ళు అన్నదమ్ముల పేరా, అల్లుళ్ళ పేరా రాయించుకోనే రాయించుకున్నారు. పంచడానికి మిగిలింది బహు స్వల్పం. మన సీలింగు చట్టాల చరిత్ర తెలిసినవాళ్ళకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

తరాయిలో థారూలని ఒక జాతి వుంది. మలేరియా అడవుల్లో బతకగలిగింది వాళ్ళే. 1950లు, 60లలో డి.డి.టి. చల్లి మలేరియాను అణచగానే కొండల మీది నుంచి చదువూ పలుకుబడీ వున్నవాళ్ళు దిగి వచ్చి ఆ భూములు రాయించుకున్నారు. కాగితం తెలియని థారూ తన పొలంలోనే పాలేరైపోయాడు. డాంగ్, బాంకే, బర్దియా, కైలాలీ, కంచన్‌పూర్ – ఈ ఐదు జిల్లాల్లో వాళ్ళను 'కమయ్యా' అనేవారు. తాత చేసిన అప్పుకు మనవడు చాకిరీ. మన వెట్టికి అన్నదమ్ముడు. మన దేశంలో వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అక్కడ కమయ్యాలకు విముక్తి ప్రకటించింది 2000 జూలై 17న! విముక్తి అంటే అప్పు రద్దు, అంతే. మర్నాడు దొర పొలం గట్టుమీది గుడిసెలోంచి వెళ్ళగొడితే ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు. వాళ్ళ ఆడపిల్లల్ని 'కమలరీ' పేరుతో పట్నాల్లో ఇంటిపనికి పంపే ఆచారం 2013లో గాని అధికారికంగా రద్దు కాలేదు.

ఇదీ భూమిక. 1996 ఫిబ్రవరిలో బాబూరామ్ భట్టరాయ్ నలభై కోరికల పత్రాన్ని అప్పటి ప్రధాని షేర్ బహదూర్ దేవ్‌బాకు ఇచ్చారు. భట్టరాయ్ ఢిల్లీ జవహర్లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో నేపాల్ వెనకబాటుతనం మీద పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్న మనిషి. థీసిస్ రాసినవాడు యుద్ధానికీ సిద్ధాంతం రాశాడన్నమాట. యుద్ధం మొదలైన రోజున గోర్ఖా జిల్లాలో వ్యవసాయాభివృద్ధి బ్యాంకు కార్యాలయం మీద పడి చిన్న రైతుల అప్పు కాగితాలు తగలబెట్టారు. అప్పు కాగితం! ఈ మాట గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే రావాలి.

ఇప్పుడు మళ్ళీ నా లెక్కకు వస్తాను. యుద్ధ కాలంలో పేదరికాన్ని తగ్గించింది రాజా ప్రభుత్వం కాదు. తిరుగుబాటుదారులు నడిపిన జనసర్కారూ కాదు. వూళ్ళో వుంటే ప్రాణానికి ముప్పని పారిపోయిన లక్షలాది యువకులు కొందరు ఇండియాకీ, కొందరు మలేషియాకీ, గల్ఫుకీ చేరి, అక్కణ్ణించి పంపిన డబ్బు ఒకటి. పనిచేసే చేతులు తగ్గడంతో వూళ్ళో మిగిలినవాళ్ళకు కాస్త పెరిగిన కూలి రెండు. ఏతావాతా ఇంతే. 1995–96లో బయటి నుంచి డబ్బు అందుకునే ఇళ్ళు నూటికి 23. 2003–04కు 32. 2010–11కు 56. 2022–23 సర్వేలో 77కు చేరాయి. నాలుగిళ్ళలో మూడు! దేశం ఏడాదికి సంపాదించే దాంతో పోల్చి చూస్తే ఈ డబ్బు దాదాపు నాలుగో వంతుకు సమానం.

గినీ సూచిక సంగతి? యుద్ధానికి ముందు 0.34. యుద్ధం మధ్యలో 0.41కి ఎగబాకింది. అంటే పేదరికం తగ్గుతూ అసమానత పెరిగింది. ముందుగా విమానమెక్కగలిగింది ఎంతోకొంత ఆసరా వున్నవాళ్ళు గనక ముందు బాగుపడింది వాళ్ళు. తర్వాత తర్వాత మిగతావాళ్ళూ బయల్దేరారు. 2010–11లో 0.33కు, 2022–23లో 0.30కి దిగింది. పేదరికం మాటకొస్తే, పాత గీతతో కొలిస్తే ఇప్పుడు నూటికి నలుగురు కూడా లేరు. కాలానికి తగ్గట్టు గీతను పైకి జరిపి కొలిస్తే నూటికి 20 మంది. ఏ గీతతో చూసినా తగ్గిన మాట నిజం. కాదనను.

మరి ఇంకేం కావాలి అంటారా? సెమినార్లో మా మిత్రుడు ఒకడు లేచి అచ్చంగా ఇదే అడిగాడు. "పేదరికం తగ్గింది, అసమానత తగ్గింది, యుద్ధం ఆగింది, రాజు పోయాడు. ఇంకా ఏడుపెందుకు?" అన్నాడు. క్లాసంతా నవ్వారు. ఆ ప్రశ్నకు ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మొదటి జవాబు. ఆ సూచిక కొలిచేది ఇంట్లో ఎంత ఖర్చు పెడుతున్నారన్నది మాత్రమే. ఆ ఖర్చు కోసం ఎవరు ఎక్కడ ఏ ఎండలో నిలబడ్డారో అది చూడదు. నేపాల్ 2021 జనాభా లెక్కల్లో దేశంలోని జనం 2 కోట్ల 91 లక్షలు. దేశం బయట వున్నట్టు ఇంటివాళ్ళు చెప్పినవాళ్ళు దాదాపు 22 లక్షలు. 2008 తర్వాతి పదకొండేళ్ళలో విదేశాల్లో పనిచేస్తూ చనిపోయిన నేపాలీ కార్మికులు, ఇండియాను మినహాయిస్తే, ఏడువేలకు పైగా. ఖాట్మండూ విమానాశ్రయంలో రోజూ రెండో మూడో శవపేటికలు దిగుతాయి. యుద్ధంలో చచ్చినవాళ్ళ సంఖ్యతో దీన్ని పోల్చి చూడండి. తుపాకీ చప్పుడు లేకుండా జరుగుతున్నది గనక దీన్ని శాంతి అంటున్నాం. 2004 ఆగస్టు చివర ఇరాక్‌లో పన్నెండు మంది నేపాలీ కూలీలను చంపితే ఖాట్మండూ భగ్గుమంది. వాళ్ళు ఏ యుద్ధం నుంచి పారిపోయి ఏ యుద్ధంలో పడ్డారో చూడండి!

రెండో జవాబు. వలసలోనూ అంతస్తులున్నాయి. చేతిలో ఏమీ లేనివాడు సరిహద్దు దాటి ఇండియాకొస్తాడు. 1950 ఒడంబడిక పుణ్యమా అని దానికి వీసా అక్కర్లేదు, రైలు చార్జీ చాలు. అప్పు పుట్టినవాడు గల్ఫుకీ మలేషియాకీ పోతాడు. పొలం అమ్మగలిగినవాడు కొరియాకో జపానుకో పోతాడు. నాన్నకు పట్నంలో మేడ వుంటే ఆస్ట్రేలియాకూ అమెరికాకూ చదువుకు పోతాడు. ఎవడు ఏ మెట్టు మీద పుట్టాడో ఆ మెట్టు మీదినించే దేశం విడుస్తున్నాడు. అందుకే సుదూర్ పశ్చిమంలో పేదరికం ఇప్పటికీ నూటికి 34, ఖాట్మండూ వున్న బాగ్మతీలో సుమారు 13. 2010–11 సర్వే చూస్తే కొండ ప్రాంతపు దళితుల్లో పదింట నలుగురు పేదలు, కొండ బ్రాహ్మణుల్లో పదింట ఒకరు. సగటు తగ్గినంత మాత్రాన మెట్లు మాయం కాలేదు.

మూడో జవాబు, అన్నిటికన్నా ముఖ్యమైనది. కొడుకులు పంపిన డబ్బుతో ఇంట్లో బియ్యం, సెల్‌ఫోను, మోటారుసైకిలు, ఇనపరేకులు కొంటారు. అవన్నీ బయటి దేశాల సరుకే. సరిహద్దులో వాటి మీద పన్ను పడుతుంది. ప్రభుత్వ రాబడిలో పెద్ద భాగం అదే. అంటే యువకులు ఎంతమంది పోతే ఖజానాకు అంత లాభం! ఫ్యాక్టరీ పెట్టనక్కర్లేదు, కాలవ తవ్వనక్కర్లేదు, భూమి పంచనక్కర్లేదు. పోయినవాడు వూళ్ళో సభ పెట్టడు, సమ్మె చెయ్యడు, చాలాసార్లు ఓటు వెయ్యడానికి కూడా రాడు. ఇంతకన్నా సుఖమైన ప్రజలు ఏ ప్రభుత్వానికి దొరుకుతారు? పేదరికం తగ్గింది నిజమే. కాని తగ్గించింది దేశం కాదు, దేశం విడిచినవాళ్ళు. బిల్లు కట్టింది పేదలు, రసీదు మాత్రం పాలకుల పేర వచ్చింది.

యుద్ధం వల్ల ఏమీ రాలేదని నేననను. అంటే అన్యాయం. 2008 మే 28న రాజరికం పోయింది. 2015 రాజ్యాంగంలో అంటరానితనం మీదా, వెనకబడ్డ వర్గాల ప్రాతినిధ్యం మీదా గట్టి మాటలే వున్నాయి. ప్రతి వార్డు సభలోనూ ఒక దళిత స్త్రీ వుండాలని చట్టం చేయడంతో 2017 స్థానిక ఎన్నికల్లో ఆరువేల మందికి పైగా దళిత స్త్రీలు సభ్యులయ్యారు. ములుకీ ఐన్ పుట్టిన దేశంలో ఇది చిన్న విషయం కాదు. కాని ఆ యుద్ధం చేసిన మామూలు మనుషుల సంగతి? ఐక్యరాజ్య సమితి 19,602 మందిని మావోయిస్టు సైనికులుగా ధ్రువీకరించింది. అందులో 3,846 మంది స్త్రీలు. నాలుగువేల మందిని పనికిరారని తీసేశారు. వాళ్ళలో మూడొంతులు చేరేనాటికి పిల్లలు! చివరికి సైన్యంలో చేరింది పద్నాలుగు వందల పైచిలుకు. పదిహేను వేల మందికి పైగా ఐదు నుంచి ఎనిమిది లక్షల నేపాలీ రూపాయల చెక్కు తీసుకుని ఇంటిదారి పట్టారు. కొందరు ఆ డబ్బుతోనే గల్ఫు విమానం ఎక్కారు. నాయకులు మాత్రం వంతులవారీగా ప్రధానులయ్యారు. ప్రచండ, భట్టరాయ్, దేవ్‌బా, ఓలీ – అడవిలో వున్నవాళ్ళూ, అడవి మీదికి సైన్యాన్ని పంపినవాళ్ళూ ఒకే కుర్చీలో మార్చి మార్చి కూర్చున్నారు. మాయమైపోయిన వాళ్ళ సంగతి విచారించడానికి 2015లో కమిషన్లు వేశారు. అర్జీలు వేలల్లో వచ్చాయి. పదేళ్ళు గడిచినా ఇళ్ళవాళ్ళకు జవాబు రాలేదు.

అప్పు కాగితం సంగతి గుర్తుందా? 1996లో అప్పు కాగితాలు తగలబెట్టి యుద్ధం మొదలుపెట్టారు. 2023లో తరాయి రైతులు, వాళ్ళలో ఎందరో ఆడవాళ్ళు, కాలినడకన ఖాట్మండూ చేరారు. ఎందుకు? వడ్డీ వ్యాపారుల మీద ఫిర్యాదు చెయ్యడానికి. టాక్సీ మీటరులా తిరిగే వడ్డీ గనక దాన్ని అక్కడ 'మీటర్ బ్యాజ్' అంటారు. లక్ష ఇచ్చి మూడు లక్షలకు కాగితం రాయించుకోవడం, భూమి తమ పేర మార్పించుకోవడం. 2015లో బెజవాడ కాల్‌మనీ బాగోతం చదివినవాళ్ళకు ఈ కథ వేరే చెప్పక్కర్లేదు. ఆ అప్పులు ఎందుకు చేశారంటే వైద్యానికి, పెళ్ళికి, కొడుకును గల్ఫు పంపడానికి! ఇరవై ఏడేళ్ళు, పదిహేడువేల ప్రాణాలు, ఒక రాజ్యాంగం, ఒక రిపబ్లిక్. అయినా రైతు అప్పు కాగితం దగ్గరే వున్నాడు. అక్కడి ప్రభుత్వం ఆ వడ్డీని నేరంగా చట్టం చేసింది, సంతోషమే. రైతుకు న్యాయమైన అప్పు దొరికే దారి చూపకపోతే చట్టం గోడమీది క్యాలెండరే.

ఇక మన వయసువాళ్ళ మాట. 2025 సెప్టెంబరు 4న అక్కడి ప్రభుత్వం ఫేసుబుక్కు, యూట్యూబు లాంటి ఇరవై ఆరు మాధ్యమాలను నిలిపేసింది. సముద్రాల అవతల వున్న తండ్రితో, భర్తతో, అన్నతో మాట్లాడటానికి వున్న ముఖ్యమైన తీగ తెగిపోయింది. 8వ తారీకున యూనిఫారాలతో సహా విద్యార్థులు వీధుల్లోకొచ్చారు. మంత్రుల పిల్లల విదేశీ విలాసాలను తమ అన్నల గల్ఫు బతుకుల పక్కన పెట్టి చూపిస్తూ వచ్చారు. ఆ ఒక్క రోజే పంతొమ్మిది మంది తూటాలకు చనిపోయారు. మర్నాడు పార్లమెంటు, సింహదర్బారు, సుప్రీంకోర్టు తగలబడ్డాయి. ఓలీ రాజీనామా ఇచ్చాడు. మొత్తం చనిపోయినవాళ్ళు డెబ్బైకి పైనే. 12న మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు. కుర్రాళ్ళు ఫోన్ల కోసం తగలబెట్టారని మన పేపర్లలో కొందరు రాశారు. నేనొప్పుకోను. తగలబెట్టడాన్ని సమర్థించనూ లేను. కోర్టు రికార్డులు కాలిపోతే నష్టపోయేది కేసు గెలవాల్సిన బీదవాడే. కాని ఆ కోపం ఫోను కోసం కాదు. దేశం బాగుపడిందని లెక్కలు చెబుతుంటే, తను మాత్రం పాస్‌పోర్టు ఆఫీసు వరసలో నిలబడాల్సి రావడం ఏమిటన్న కోపం అది.

మన బహదూర్ కొడుక్కి నా వయసే. పన్నెండు పాసయ్యాడు. ఇంజనీరింగు చదవాలని ఆశ. మూడేళ్ళ కిందట నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఏజెంటుకు కట్టి ఖతార్ వెళ్ళాడు. మొదటి ఏడాదిన్నర జీతం ఆ అప్పుకే పోయిందట. ఒకరోజు రాత్రి బహదూర్ ఫోను నా చేతికిచ్చి "మాట్లాడండి సాబ్" అన్నాడు. అవతల నుంచి ఆ కుర్రాడు "అన్నా, మంచిగున్నవా? తిన్నవా?" అన్నాడు. నేను నిర్ఘాంతపోయాను. అచ్చ తెలంగాణ తెలుగు! క్యాంపులో పై మంచం మీద వుండే జగిత్యాల మనిషి దగ్గర నేర్చుకున్నాడట. తండ్రి ఇన్నేళ్ళు తెలుగుదేశంలో వుండి నేర్చుకున్నదానికన్నా కొడుకు ఎడారిలో నేర్చుకున్న తెలుగే చక్కగా వుంది.

ఆ మంచాలు రెండూ నా కళ్ళలోంచి పోవడం లేదు. కింద అఛామ్, పైన జగిత్యాల. ఇద్దరి ఇళ్ళలోనూ పేదరికం తగ్గింది. రెండు ప్రభుత్వాలూ ఆ తగ్గుదలను తమ ఖాతాలో రాసుకున్నాయి.

కాబట్టి నేననేది ఇంతే. ఒక దేశంలో పేదరికం తగ్గిందని ఎవరైనా పట్టిక చూపిస్తే, ఎంత తగ్గింది అని అడిగి వూరుకోకండి. ఎవరు తగ్గించారు, ఏం చెల్లించి తగ్గించారు, ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడు అని కూడా అడగండి. తుపాకులు మూగబోగానే శాంతి వచ్చిందనుకోకండి. భూమి, అప్పు, చదువు, మాయమైన మనిషి జాడ – ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పని శాంతి ఒక వాయిదా మాత్రమే. వాయిదాల మీద వడ్డీ పెరుగుతుంది, ఆ వడ్డీ కట్టేది ఎప్పుడూ మన వయసువాళ్ళే. మనం డిగ్రీ చేతపట్టుకుని ఆర్థికవేత్తలమో, అధికారులమో, లెక్చరర్లమో అయ్యాక ఇలాంటి పట్టికలు తయారుచేసేది మనమే. అప్పుడైనా ఒక గడి అదనంగా గీద్దాం.

అంతదాకా ఒక చిన్న పని. మన గేటు దగ్గర పన్నెండు గంటల డ్యూటీ చేసే మనిషికి వారానికి ఒక సెలవు కూడా లేదని మీకు తెలుసా? నాకూ ఈ పేపరు రాసేదాకా తెలియదు. యూనియన్ ఎన్నికల్లో మెస్ బిల్లు మీద, ఫ్యాన్ల మీద, మంచినీళ్ళ మీద ఎన్నో తీర్మానాలు చేశాం. ఈ ఏడు ఆ సెలవు మీద కూడా ఒక తీర్మానం చెయ్యమని యూనియన్ మిత్రుల్ని కోరుతున్నాను.

అన్నట్టు, అతని పేరు బహదూర్ కాదు. అసలు పేరు నేను అడిగి తెలుసుకున్నాను. ఇక్కడ రాయను. గేటు ఎంతో దూరంలో లేదు, వెళ్ళి మీరే అడగండి.